వర్డ్‌లో వరుస అంకెలు: మాక్రోనా, ఫీల్డా?

పాఠాల పంతులు
పదో తరగతి సాంఘికశాస్త్రానికి ప్రశ్నల నిధి తయారుచేస్తున్నాను. ఆరువందలకు పైగా ప్రశ్నలున్నాయి. ప్రతి ప్రశ్న ముందు ‘ప్ర.##’ అని గుర్తు పెట్టుకున్నాను. ఆ ## స్థానంలో 1, 2, 3 అని వరుసగా పడాలి. ‘రీప్లేస్ ఆల్’ కొడితే అన్నిచోట్లా ఒకే అంకె వస్తోంది. మాక్రో (వర్డ్ చేత పనులు వరుసగా చేయించే చిన్న ప్రోగ్రాము) తప్ప దారి లేదంటున్నారు, నిజమేనా?

మాక్రో మేస్త్రి
నిజమే. రీప్లేస్‌కు లెక్కపెట్టడం రాదు. పది వరుసల మాక్రో చాలు. ## దొరికినంతసేపూ అక్కడ అంకె వేయడం, దానికి ఒకటి కలుపుకొని ముందుకు పోవడం, అంతే.

అక్షరకూలీ
అసలు తంటా ఆ తర్వాతే. సంపాదకుడు 41వ ప్రశ్న తీసేయమంటే 42 నుంచి చివరిదాకా అన్నీ తప్పే. మాక్రో వేసినవి ఉత్త అంకెలు, వాటంతట అవి జరగవు.

పంతులు గారూ, ఒక ఖాళీ చోట కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కండి. ఫ్లవర్ బ్రాకెట్లు వస్తాయి. అదే ఫీల్డు, అంటే వర్డ్ తానే లెక్కగట్టి నింపే చోటు. వాటి మధ్య ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్ఈక్యూ అని రాసి, ఖాళీ వదిలి, వరుసకు ఏదో ఒక పేరు పెట్టండి. మొత్తం ఎంచుకుని కాపీ చేయండి. ‘రీప్లేస్ విత్’ పెట్టెలో టోపీ గుర్తు (^), వెంటనే చిన్న ‘సి’ కొట్టండి. కాపీ చేసినదాన్ని తెచ్చి పెట్టమని దాని అర్థం. చివర కంట్రోల్+ఎ, ఎఫ్9.

మాక్రో మేస్త్రి
‘ప్ర.’ పక్కనున్న అంకెలను వెతికి మళ్లీ మొదటినుంచి వేసేలా మాక్రో రాసుకోవచ్చు కదా. ఎన్ని ప్రశ్నలు తీసేసినా ఒక్క నొక్కు.

అక్షరకూలీ
జవాబుల్లో ‘ప్ర.12 చూడండి’ అని ఉంటే? మీ మాక్రో దాన్నీ కొత్త ప్రశ్న కింద జమకట్టి అంకె మార్చేస్తుంది, అక్కడినుంచి వరుసంతా ఒకటి ఎక్కువవుతుంది. పైగా ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి ఆఫీస్ తనంతట తానే ఆపేస్తోంది. తోటి ఉపాధ్యాయులకు పంపితే ఎందరి దగ్గర నడుస్తుంది?

పాత ప్రెస్సు
ఇద్దరూ ఒకటి వదిలేశారు. అచ్చయిన పుస్తకంలో అంకె కదలకూడదు. జవాబుల పుస్తకం విడిగా వచ్చి ఉంటే, 41 తీసేసినా 42 అలాగే ఉండాలి. ప్రెస్సుకు పంపే ప్రతిలో మొత్తం ఎంచుకుని కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9 కొట్టి ఫీల్డులను మామూలు అంకెలుగా మార్చేయండి. ఫీల్డులున్న ప్రతిని వేరే పేరుతో దాచుకోండి.

పాఠాల పంతులు
ఇంకా అచ్చుకు వెళ్లలేదు. ఫీల్డు పద్ధతి చేశాను, ఎఫ్9 నొక్కాక వరుసకు వచ్చాయి. కానీ ప్రతి పాఠానికీ మళ్లీ 1 నుంచి మొదలుకావాలి.

మాక్రో మేస్త్రి
చూశారా! ఇప్పుడు పాఠానికొక చోట చేత్తో దిద్దుకోవాలి. మాక్రోలో అయితే ఒక్క షరతు.

అక్షరకూలీ
అక్కర్లేదు. పాఠాల పేర్లకు ‘హెడింగ్ 1’ స్టైలు పెట్టి, ఫీల్డులో వరుస పేరు తర్వాత వెనక్కి వాలిన గీత (\), ‘ఎస్’, ఖాళీ, 1 చేర్చండి. కొత్త పాఠం రాగానే లెక్క మళ్లీ 1కి వస్తుంది. పాఠం పేరును ఉత్తగా లావు అక్షరాల్లో పెడితే మాత్రం పనిచేయదు.