సమస్య: తిట్టువాఁడె కవికి దిక్కు సుమ్ము

సంచాలకులు: ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించండి. పాదం తట్టగానే నవ్వు వచ్చింది, అందుకే ఇస్తున్నాను. తిట్టును ఒప్పిస్తారో, మాయం చేస్తారో మీ ఇష్టం.

పద్యబంధువు:

మెచ్చువాఁడు నిలుచు మెఱుఁగున్న నాళ్లెల్ల
కానరాఁడు చెడిన కవిత వెంట
పదముపదము వెదకి పద్యదోషముఁ జూపి
తిట్టువాఁడె కవికి దిక్కు సుమ్ము

ఛందోదర్శి: రెండో పాదం పద్యానికి ప్రాణం. అయితే మూడో పాదంలో దోషం చూపినవాడికి నాలుగో పాదంలో తిట్టే పని ఏమిటి? చూపడంతోనే అతని పని అయిపోయింది కదా.

పద్యబంధువు: అడగవలసిన ప్రశ్నే. కానీ తిట్టు సమస్యలోనే ఉంది, నేనెలా తీసేస్తాను?

వాణీప్రియ: తీసేయవచ్చు, చూడండి.

వ్రాసినట్టి వాని పరువుతోఁ బనిలేదు
పట్టి చూడవలయుఁ బద్యమొకటె
దిద్దుబాటె చదువుఁ దెలిసినవాని వం
తిట్టు వాఁడె కవికి దిక్కు సుమ్ము

పద్యబంధువు: వంతు, ఇట్టు! తిట్టు ఎగిరిపోయింది. ఈ విరుపు నాకు తట్టనందుకు అసూయగా ఉంది.

ఛందోదర్శి: విరుపు బాగుంది. కానీ 'ఇట్టు' అని విడదీశాక పాదం మొదట నిలిచేది ఇకారం. దానికి యతిస్థానంలోని 'దిక్కు' ఎలా కుదురుతుంది? ఇది అఖండయతి, అంటే సంధిలో కలిసిన అచ్చును లెక్కపెట్టక పైహల్లుతోనే యతి కుదర్చడం. ఇన్నేళ్లుగా రాస్తున్నవారికి ఈ మాత్రం తెలియదా?

వాణీప్రియ: తెలిసే వేశాను. అఖండయతిని ఒప్పని లాక్షణికులున్నారు, వాడిన కవులూ ఉన్నారు. అయినా లోగడ ఒక పూరణలో 'చూచి, ఇట్లు' కలిపి 'చూచిట్లు' అని రాసిన మీరా నాకు సంధి చెప్పేది? 'చూచి' లాంటి క్త్వార్థాల చివరి ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే చెప్పాడు.

ఛందోదర్శి: ఆ పూరణ సంగతి ఇప్పుడెందుకు? అమావాస్య రాత్రిని పెద్దన 'అమవసనిసి' అంటేనే రామకృష్ణుడు ఏమి తిని ఆ కవిత్వం చెప్పావని నిలదీశాడని చాటువు ఉంది. పెద్దనకు లేని మినహాయింపు మనకెందుకు?

పద్యబంధువు: ఆ చాటువులో వేలు పడింది 'అమవస' అన్న ఒక్క మాట మీద. ఏమి తిన్నావన్న ఎగతాళి, ఎదుట నిలిచి బదులివ్వగల సాటి కవుల మధ్య చెల్లింది. మనం రాసేది ముఖం కనబడనివారికి. ఛందోదర్శి గారూ, 'పాదం మొదట ఇకారం' అన్నంతవరకు మీ మాట వాణీప్రియ గారికి ఎంతో ఉపకారం. 'ఈ మాత్రం తెలియదా' అన్నది ఏ అక్షరాన్ని దిద్దింది? 'చూచిట్లు' ఎత్తిచూపడమూ అలాంటిదే. ఈ పద్యంలోని యతికి అది సమాధానం కాదు. మొన్న ఒక కొత్త సభ్యురాలు తన పద్యంలో ఒక గణం తప్పిందని చెబితే చాలనుకుంది. మీరిద్దరూ పోటీపడి ఆమె నాలుగు పాదాలూ తిరగరాశారు. ఆ పద్యంలో ఆమె మాట ఒక్కటీ మిగలలేదు. తర్వాత ఆమె పూరణ రాలేదు. అడగకుండా తిరగరాయడం తిట్టుకంటే మొరటు పని అని నా నమ్మకం.

సంచాలకులు: వాణీప్రియ గారి విరుపును ఈ వారం మేటిదిగా ఎంచుతున్నాను. అఖండయతి అభ్యంతరం పద్యం కిందే ఉంటుంది. 'తెలియదా' అన్న వాక్యాన్ని, 'చూచిట్లు' ప్రస్తావనను తొలగిస్తున్నాను. ఆ కొత్త సభ్యురాలి మొదటి పద్యాన్ని ఆమె రాసినట్టే మళ్లీ పెట్టాను. తప్పిన గణం ఏ పాదంలోదో మాత్రం చెప్పండి.

ఛందోదర్శి: మూడో పాదంలో, రెండో గణం.

వాణీప్రియ: అవును, అక్కడే. ఛందోదర్శి గారూ, ఈ సమస్యకు మీ పూరణ ఇంకా రాలేదు.