సంఘం పెంచిన చెట్ల చుట్టూ తాళం వేసిన కంచె ఉండవచ్చా?

చర్చ ప్రారంభించినవారు, పటమట, విజయవాడ

మా కాలనీ సంక్షేమ సంఘం నాలుగేళ్ల క్రితం నగరపాలక సంస్థ నుంచి నిర్వహణ అనుమతి లేఖ తీసుకుని, తారు రోడ్డుకూ మురుగు కాలువకూ మధ్య అరవై గజాల పొడవున ఉన్న మట్టి పట్టీని బాగుచేసింది. అంతకుముందు అక్కడ ఇళ్లు పడగొట్టిన శిథిలాలు, పగిలిన సింకులు, వేసవిలో కొబ్బరి బొండాల గుట్టలు ఉండేవి. అవన్నీ ఎత్తించి, చెరువు మట్టి తోలించి, కానుగ, వేప, పొగడ మొక్కలు నాటాము. మొదటి వేసవిలో మూడో వంతు ఎండిపోతే మళ్లీ నాటాము. ఇప్పుడు కానుగలు మొదటి అంతస్తు బాల్కనీలను అందుకుంటున్నాయి.

వాటి చుట్టూ ఐదడుగుల ఇనుప వల కంచె వేసి, రెండు గేట్లు పెట్టి, ఉదయం సాయంత్రం నడక వేళల్లో తప్ప తాళం వేసి ఉంచాలని కార్యవర్గం ప్రతిపాదించింది. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఇది ఓటుకు వస్తుంది. నేనూ కార్యవర్గ సభ్యుణ్నే కానీ, తాళానికి మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు.

పట్టీకి ఒక చివర, సంఘం పుట్టకముందు నుంచీ ఉన్న పాత వేప కింద, భార్యాభర్తలిద్దరు ఇస్త్రీ బండి నడుపుకుంటున్నారు. మొదటి వేసవిలో ట్యాంకర్లన్నీ పెళ్లిళ్లకు పోయి, మేము చేతులెత్తేసిన పది రోజులూ ఆమె బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, ఎదురింటి కుళాయి నుంచి రెండు బిందెలతో నీళ్లు మోసి, బండికి దగ్గరగా ఉన్న ఏడు మొక్కల పాదుల్లో పోసింది. ఆ ఏడూ బతికాయి. ఇప్పుడు సున్నంతో గీసిన కంచె గీత వేపను లోపలికి తీసుకుని, బండిని ఎండలోకి నెడుతోంది. ఇది న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

అదే సంఘం కోశాధికారి

ఇస్త్రీ బండి విషయంలో మీ బాధ నాకు అర్థమైంది. అయితే మీరు రాయనివి కొన్ని ఉన్నాయి కనుక నేను రాయవలసి వస్తోంది. మొక్కలకు పెట్టిన ఇనుప గార్డుల్లో తొమ్మిది రాత్రికి రాత్రి మాయమై పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరాయి. శనివారం రాత్రి తాగి పడేసిన సీసాలను ఆదివారం తెల్లవారుజామున ఏరేది నేను, మా వాచ్‌మన్. గత మార్చిలో ఎవరో కారు నిలుపుకోవడానికి ఒక పొగడ మొక్కను మొదలంటా విరిచేశారు. ట్యాంకరు ఖర్చు, తోటమాలి జీతం నెలనెలా ఇచ్చేది సభ్యులే. డబ్బు మాది, శ్రమ మాది, పాడుచేసే హక్కు మాత్రం అందరిదీ అంటే, వచ్చే ఏడాది చందా అడగడానికి ఏ మొహంతో వెళ్లాలి? కంచె వద్దంటే దాని బదులు కోనోకార్పస్ అనే, త్వరగా గుబురుగా పెరిగే విదేశీ మొక్కల వరుస పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఏడాదిలో గోడలా అల్లుకుంటుంది.

విశ్రాంత మున్సిపల్ ఇంజనీరు, సత్యనారాయణపురం

కోశాధికారి గారి ఆవేదనలో నిజం ఉంది కానీ, వారి లెక్కలో ఒక అంకె తప్పింది. నిర్వహణ అనుమతి అంటే నీళ్లు పోయడానికి, కలుపు తీయడానికి, మొక్క నాటడానికి ఇచ్చిన అనుమతి. స్థలం మీద స్వాధీనం అందులో ఉండదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలు ఉద్యానాలను, పట్టణ వనీకరణను పురపాలక సంస్థల విధుల జాబితాలో పెట్టింది. ఆ విధిలో సంఘం చేయి కలపవచ్చు, కానీ రోడ్డు భూమిలోకి ఎవరు ఎప్పుడు రావాలో నిర్ణయించే అధికారం దానివల్ల సంఘానికి రాదు.

కొలతల మాట కూడా చెప్పాలి. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, నివాస ప్రాంతాల్లో కూడా కాలిబాట మీద అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మీ వీధి నాకు తెలుసు. అక్కడ వేరే కాలిబాట లేదు, ఆ పట్టీయే కాలిబాట. దానికి తాళం వేస్తే బడి పిల్లలు తారు రోడ్డు మీద నడవాలి. ఇస్త్రీ బండి విషయానికి వస్తే, 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా, ఉన్న వ్యాపారిని తొలగించడం కుదరదు. కార్పొరేషనే చేయలేని పనిని సంఘం కంచెతో చేయబోతోంది.

కోనోకార్పస్ ఆలోచన మానుకోండి. దాని వేళ్లు నీళ్ల వాసన పట్టుకుని డ్రైనేజీ గొట్టాల్లో దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది.

అడగకపోయినా ఒక మాట. మొన్న అటుగా వెళ్తూ చూశాను, పేవర్ బ్లాకులను కానుగల మొదళ్లకు ఆనించి పరిచారు. నీరు దిగే దారి ఎక్కడ? చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీకి ఆదేశమిచ్చింది. రోజూ పైపైన చల్లే నీటికంటే, వెడల్పు పాదులో నాలుగు రోజులకొకసారి నిండా పెట్టే నీరు వేరును లోతుకు దింపుతుంది. రాలిన ఆకును తగలబెట్టించకుండా ఆ పాదులోనే పరిపించండి, ట్యాంకర్లు సగం తగ్గినా ఆశ్చర్యం లేదు. కంచెకు కేటాయించిన డబ్బుతో ముందు ఆ బ్లాకులు తీయించండి.

బ్రాడీపేట నివాసి, గుంటూరు

మా వీధి చివరి పచ్చిక స్థలానికి కూడా గేటు పెట్టారు. తాళంచెవి అప్పటి కార్యదర్శి గారి దగ్గర ఉండేది. ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్లిపోయారు, తాళంచెవి కూడా వెళ్లింది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి లోపల వయ్యారిభామ నడుమెత్తు పెరిగింది. చివరికి తాళం పగలగొట్టింది కలుపు తీయడానికి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులే.

భవానీపురం నివాసి

అసలు ఈ పని సంఘాలు ఎందుకు చేయాలి? నిధులు లేవన్న సాకుతో పురపాలక సంస్థ తన విధి తప్పించుకోలేదని మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. మీరు చందాలు వేసుకుంటున్నంత కాలం అధికారులు నిశ్చింతగా ఉంటారు. చందాలు వేసుకోలేని పేటల్లో చెట్టూ ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు.

చర్చ ప్రారంభించినవారు

భవానీపురం మిత్రులు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ ఏప్రిల్ నెలలో మొక్క కోర్టు తీర్పు కోసం ఆగదు. అర్జీ పెడుతూనే నీళ్లూ పోయాలి.

ఇంజనీరు గారూ, పేవర్ బ్లాకులు పరచమన్నవాణ్ని నేనే. అందంగా ఉంటుందనుకున్నాను. ఈ సాయంత్రం వెళ్లి ఒక కానుగ దగ్గర నాలుగు బ్లాకులు ఎత్తి చూస్తే, కింద మట్టి ఇటుకలా గట్టిపడి ఉంది, గునపం దిగలేదు.

ఆదివారం నేను పెట్టబోయే సవరణ ఇది. ఐదడుగుల వల బదులు, వాహనం ఎక్కకుండా ఆపేటంత, మోకాలెత్తు ఇనుప కడ్డీ వేద్దాము. గేట్లు ఉండవు, మనుషులు దాటడానికి మూడు చోట్ల ఖాళీలు వదులుదాము. వేప చుట్టూ కడ్డీని పక్కకు తిప్పి, బండిని ఉన్నచోటనే ఉంచుదాము. ఆ దంపతులకు ఇది మనం చేస్తున్న ఉపకారమని తీర్మానంలో రాయవద్దని కూడా కోరతాను. మిగిలిన డబ్బు బ్లాకులు తీయడానికి, పాదులు వెడల్పు చేయడానికి.

కోశాధికారి

కడ్డీకి ఒప్పుకుంటాను. బ్లాకుల సంగతి ఇంజనీరు గారు స్వయంగా వచ్చి సమావేశంలో చెబితే బాగుంటుంది, నేను చెబితే పరిచిన మేస్త్రీతో కుమ్మక్కయ్యానంటారు. అయితే మోకాలెత్తు కడ్డీ సీసాలను ఆపదు. ఆదివారం తెల్లవారుజామున ఏరేవాళ్ల పేర్లు కూడా ఆ సవరణలో ఉండాలి.

చర్చ ప్రారంభించినవారు

మొదటి మూడు నెలలకు నా పేరు రాయండి. గోనెసంచి మాత్రం మీ వాచ్‌మన్‌ను అడిగి ఇప్పించండి.