ఆత్మవంధ్యత్వం: ఆవ పువ్వుకి ఈ మాట తగునా?

ప్రశ్న: మా అబ్బాయి తెలుగు మీడియం బైపీసీ. బోటనీలో "ఆత్మవంధ్యత్వం" అని వచ్చింది, ఉదాహరణ ఆవ మొక్క అన్నారట. వంధ్య అంటే గొడ్రాలు కదా, మరి ఆవ చేను నిండా కాయలుంటాయే?

జవాబు: మంచి డౌట్ అండీ, నాకూ ఆ మాట నచ్చదు. ఆవ పువ్వు విప్పి చూడండి, నాలుగు పసుపు రేకులు, ఆరు కేసరాలు, అందులో నాలుగు పొడుగు రెండు పొట్టి, మధ్యలో కీలం. పుప్పొడీ బాగుంటుంది అండాలూ బాగుంటాయి, లోపం ఎక్కడా లేదు. కాకపోతే ఈ అడ్డు ఉన్న ఆవ రకాల్లో తన పుప్పొడి తన కీలాగ్రం (కీలం కొన) మీద వాలితే అది గుర్తుపట్టి మొలకెత్తనివ్వదు, అంతే. అదే మొక్క పుప్పొడిని, పువ్వు విచ్చడానికి రెండు మూడు రోజుల ముందే మొగ్గ విప్పి రాస్తే గింజ కడుతుంది, ఎందుకంటే ఆ అడ్డు అప్పటికింకా పూర్తిగా ఏర్పడదు. క్యాబేజీ బ్రీడర్లు తమ లైన్లు, అంటే శుద్ధ వంశాలు, నిలుపుకోడానికి వాడే పద్ధతుల్లో ఇదొకటి. గొడ్డుదైతే మొగ్గలో మాత్రం ఎలా కాస్తుంది చెప్పండి?

"ఆత్మ" అన్నదీ అరకొరే. పక్క మొక్క పుప్పొడి అయినా, ఈ గుర్తుని నిర్ణయించే ఎస్ జన్యువు రకం కలిస్తే మామూలుగా తోసేస్తుంది, సగోత్రం సంబంధం వద్దన్నట్టు. ఆ గుర్తు ఉండేది పుప్పొడి పైపూతలో, అందుకే రేణువు లోపల ఏ జన్యువు ఉన్నా అది పుట్టిన మొక్క గుర్తే లెక్క. నన్నడిగితే "సొంత పుప్పొడి పడదు" అంటే చాలు, వంకాయ పడదు అంటాం చూడండి అలా.

వేరొకరు: సర్, పుప్పొడి పడదు అంటే రాలదు అనుకుంటారేమో?

జవాబు: నిజమేనండీ, అది ఆలోచించాల్సిందే. అయితే "సరిపడదు" అందాం, తికమక ఉండదు.

ప్రశ్న అడిగినవారు: మరి మన పోపు ఆవాలు?

జవాబు: మనం ఎక్కువగా వాడేది బ్రాసికా జున్సియా అండీ, దానికి సొంత పుప్పొడి సరిపడుతుంది, తేనెటీగ రాకపోయినా కాస్తుంది. అది బ్రాసికా రాపా, బ్రాసికా నైగ్రా కలిసి పుట్టిన జాతి, ఈ ఆవ జాతుల చుట్టరికాలన్నీ వృక్షశాస్త్రవేత్త నాగహారు యు 1935లో తేల్చాడు. సరిపడనిది రాపాలో తోరియా రకం, ఉత్తరాదిన నూనెకి వేస్తారు, దానికి తేనెటీగలు తిరగాల్సిందే, ఒక్క మొక్కకి వల కట్టేస్తే కాయలు దాదాపు రావు. ఆ రాపాలోనే పసుపు సర్సోంకి మళ్ళీ ఈ అడ్డు లేదు. అందుకని బాబుని ఉదాహరణకి ఉత్త ఆవ అని కాకుండా తోరియా అని రాయమనండి.