క్వార్టర్ టర్న్ కుళాయి కట్టేసినా చుక్కలు ఆగట్లేదు

ప్రశ్న: బాత్రూమ్ గోడకున్న అర అంగుళం క్వార్టర్ టర్న్ (పిడి పావు చుట్టు తిప్పితే తెరుచుకునే) కుళాయి. బోరు నీళ్లు. గట్టిగా కట్టినా మూతి నుంచి చుక్కలు పడుతున్నాయి. వాషర్ మారిస్తే చాలా?

జవాబు 1: ఈ రకంలో పాత కుళాయిల్లా వాషర్ ఉండదండీ. స్పిండిల్ (పిడి కింద ఉండి నీళ్లను తెరిచి మూసే భాగం) లోపల రెండు సిరామిక్ బిళ్లలు ఒకదానిమీద ఒకటి జారతాయి. బోరు నీటి సున్నం, ఇసుక వాటి మధ్య చేరితే గీతలు పడి కారుతుంది. గట్టిగా బిగిస్తే పిడి విరుగుతుంది తప్ప చుక్క ఆగదు. ముందు ట్యాంకు వాల్వ్ కట్టేసి, కుళాయి తెరిచి పైపు ఖాళీ చేయండి. పిడి స్క్రూ తీసి, స్పానర్‌తో స్పిండిల్‌ను ఎడమవైపు తిప్పితే ఊడొస్తుంది. గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి కడగండి. గీతలుంటే మార్చడమే. పాతది వెంట తీసుకెళ్లండి, పొడవు, పిడి కూర్చునే పళ్లు కంపెనీని బట్టి మారతాయి.

ప్రశ్న అడిగినవారు: తెరిచినప్పుడు పిడి కింద కూడా తడి వస్తోంది.

జవాబు 2: అది స్పిండిల్ ఓ-రింగ్ (చుట్టూ ఉండే రబ్బరు రింగు) అరిగి. కొత్త స్పిండిల్‌తో అదీ పోతుంది. కుళాయే మార్చాల్సివస్తే మరలమీద టెఫ్లాన్ టేపు గడియారం ముల్లు తిరిగే దిశలోనే, 12-15 చుట్లు లాగి చుట్టండి. మూతి వంకరగా ఆగిందని వెనక్కి తిప్పితే మళ్లీ కారుతుంది. విప్పి, టేపు మార్చి బిగించాలి. అతిగా బిగిస్తే గోడలోని సీపీవీసీ ఎల్బో (ప్లాస్టిక్ పైపు వంపు ముక్క) పగులుతుంది, ఆపై టైల్స్ పగలగొట్టాల్సిందే.