పాయింట్ 32 రివాల్వర్‌కి తోలు హోల్‌స్టర్, టేకు పెట్టె: కొలతల్లో ఎక్కడ తప్పుతోంది?

తోలుపని_హన్మకొండ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెల్టులు, పర్సులు, సంచులు చేతికుట్టుతో చేస్తాను. హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే తోలు ఒర) మాత్రం ఇదే మొదలు. కాన్పూర్ ఫ్యాక్టరీ పాయింట్ 32 రివాల్వర్, 3 అంగుళాల గొట్టం ఉన్నది. లైసెన్సు ఉన్న పెద్దాయనే దగ్గరుండి, ఖాళీ చేసి చూపించి, కొలతలు తీసుకోనిచ్చారు. తుపాకీ నా దగ్గర ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి తుపాకీ ఆకారంలో చెక్కిన అచ్చు బొమ్మ మీదే పని అంతా.

సందేహాలు నాలుగు. జీను తోలుతో (3 మి.మీ., నూనె పట్టించినది) ఒక నమూనా చేశాను. తడిపి నొక్కితే ఆకారం వచ్చింది, ఆరాక సగం పోయింది. ఎందుకు? కుట్టు గీత తుపాకీ అంచు నుంచి ఎంత దూరంలో ఉండాలి? బొమ్మ ఏ చెక్కతో చేయాలి? చివరిది పెట్టె సంగతి. టేకు పెట్టెలో తుపాకీ ఆకారానికి సరిగ్గా గుంట తీశాను, ఫెల్ట్ (నొక్కి చేసిన మెత్తని ఉన్ని గుడ్డ) అంటించాక బొమ్మ దిగడం లేదు. ఎంత వదలాలి? హోల్‌స్టర్‌తో సహా పెట్టెలో పెట్టుకుంటామంటున్నారు, అది మంచిదేనా?

చర్మకారి_చెన్నై

ముందు తోలు గురించి చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

జీను తోలులో నూనె, కొవ్వు ముందే దట్టించి ఉంటాయి. అవి నారల మధ్య చేరి ఒకదాని మీద ఒకటి జారనిస్తాయి. గుర్రం జీనుకి కావలసింది అదే. హోల్‌స్టర్‌కి దానికి సరిగ్గా వ్యతిరేకం కావాలి: తడిసినప్పుడు సాగి, ఆరినప్పుడు గట్టిపడి, మళ్ళీ కదలనిది. అందుకే మీ నమూనా ఆకారం నిలుపుకోలేదు. తప్పు మీ చేతిది కాదు.

క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) అసలు వద్దు. అది తడి అచ్చుకి లొంగదు, పైగా అందులో మిగిలిపోయే లవణాల వల్ల ఉక్కుకి తుప్పు పడుతుంది. మీకు కావలసింది చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, అందులోనూ నూనె పట్టించనిది. తమిళనాడులో ఈస్ట్ ఇండియా తోలు అని పేరుపడ్డది ఈ పద్ధతిదే. పాత రోజుల్లో మన తంగేడు బెరడుతో, చివర కరక్కాయతో పదును చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా వాటిల్ బెరడు వాడుతున్నారు. అయితే ఆ పేరుతో దొరికే మేక, గొర్రె తోళ్ళు పలచన, అవి లోపలి అస్తరుకే పనికొస్తాయి. హోల్‌స్టర్‌కి ఆవు తోలు, వీపు లేదా భుజం భాగం అడగండి. పొట్ట భాగం చవకగా ఇస్తారు కానీ అది ఒక్కో చోట ఒక్కోలా సాగుతుంది, కుట్టాక మెలి తిరుగుతుంది. గేదె తోలు నార వదులుగా ఉంటుంది, సన్నని గీతలు దాని మీద నిలవవు.

మందం: ఔన్సుల్లో చెప్తే ఒక ఔన్సు 0.4 మి.మీ. పెద్ద పిస్టళ్ళకి 8 నుంచి 9 ఔన్సులు, అంటే 3.2 నుంచి 3.6 వాడతారు. మీ చిన్న రివాల్వర్‌కి 2.8 నుంచి 3.2 చాలు. అంతకు మించితే నడుము దగ్గర ఒత్తుకుంటుంది, సన్నటి మలుపుల్లో తోలు సరిగా కూర్చోదు.

కొనే ముందు ఒక పరీక్ష: మూల మీద ఒక చుక్క నీళ్ళు వేయండి. నిమిషంలోపు ఇంకిపోయి రంగు ముదిరితే మంచిది. ముత్యంలా నిలబడితే నూనె గానీ పై పూత గానీ ఉన్నట్టు.

తడపడం: గోరువెచ్చని నీళ్ళలో 20 నుంచి 30 సెకన్లు, బుడగలు రావడం తగ్గగానే తీసేయండి. తువ్వాలులో చుట్టి అరగంట ఉంచండి. పై రంగు మళ్ళీ లేతబడుతూ, లోపల మాత్రం చల్లగా తగులుతుంటే అప్పుడు నొక్కాలి. నీళ్ళు ఓడుతుండగా నొక్కితే గీత పడినట్టే పడి మూసుకుపోతుంది, ఆరేటప్పుడు తోలు కుంచించుకుని కొలత తగ్గుతుంది.

నొక్కడానికి ఎముక పుల్ల లేదా కొమ్ము పుల్ల, కొన గుండ్రంగా ఉండాలి. లోహం వద్దు, తడి తోలు మీద ఇనుము తగిలితే నల్ల మచ్చ పడుతుంది. అది పోదు. బెరడులోని టానిన్, ఇనుము కలిస్తే సిరాయే.

ఆరబెట్టడం నీడలో, 24 గంటలు. గట్టితనం కావాలంటే బల్బు పెట్టిన చెక్క డబ్బాలో 45 నుంచి 50 డిగ్రీల వేడిలో ఓ అరగంట. 55 దాటనివ్వకండి, తడి ఉండగా వేడి ఎక్కువైతే తోలు పెళుసెక్కి ముడుచుకుంటుంది. ఎండలో పెట్టడం కూడా అంతే చెరుపు.

కుట్టుగీత

కుట్టు గీత గురించి నేను చెప్తాను, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

అందరూ చెప్పే లెక్క: తుపాకీ మందంలో సగం, దానికి తోలు మందం కలిపి, అంచు నుంచి అంత దూరం. రెండు వైపులా సమంగా ఉబ్బే తరహాకి ఇది. వెనక పలక చదునుగా, ముందు పలక మాత్రమే ఉబ్బే తరహా అయితే సగం కాదు, మొత్తం మందం తీసుకోవాలి. పలకలా ఉండే పిస్టల్‌కి ఈ లెక్క బాగా కుదురుతుంది. రివాల్వర్‌కి కుదరదు. గొట్టం దగ్గర ఒక మందం, తూటాలు ఉండే సిలిండర్ దగ్గర దాదాపు రెట్టింపు, మళ్ళీ ఫ్రేమ్ దగ్గర సన్నం. సిలిండర్ మందంతో గీత మొత్తం గీస్తే గొట్టం దగ్గర గలగలలాడుతుంది. గొట్టం మందంతో గీస్తే సిలిండర్ ఎక్కదు.

అందుకని పట్టీ పరీక్ష చేయండి. మీరు వాడే తోలులోంచే 15 మి.మీ. వెడల్పు పట్టీలు నాలుగు కోసి, తడిపి, బొమ్మ మీద నాలుగు చోట్ల అడ్డంగా వేయండి: మూతి దగ్గర, గొట్టం మధ్యలో, సిలిండర్ మీద, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం) మీద. వెనక ఇంకో పట్టీ పెట్టి రెండింటినీ క్లిప్పులతో బిగించి, కలిసిన చోట గుర్తు పెట్టండి. ఆ నాలుగు గుర్తుల దూరాలు కాగితం నమూనా మీదికి ఎక్కించి, మధ్యలో మెత్తని వంపుతో కలపండి. అదే మీ కుట్టు గీత. ఆ గీత బయట ఇంకో 8 నుంచి 10 మి.మీ. తోలు ఉంచండి, అంచు గీకి రుద్దేసరికి ఒకటిన్నర పోతుంది.

ఎక్కడ బిగువు, ఎక్కడ వదులు:

ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా కప్పబడాలి. ఇందులో రాజీ లేదు. కానీ గార్డ్ లోపలికి తోలుని గుంటగా నొక్కవద్దు. ఆ గుంట ట్రిగ్గర్‌కి తగిలితే తుపాకీ దూర్చేటప్పుడే ప్రమాదం. బొమ్మలో గార్డ్ ఖాళీని ముందే చెక్కతో పూడ్చేయండి, అప్పుడు పొరపాటున కూడా నొక్కలేరు. పట్టు గార్డ్ బయటి అంచు చుట్టూ, సిలిండర్ ముందు భుజం దగ్గర ఉండాలి.

గొట్టం కొసన గురి చూడటానికి ఉండే ముందు సైట్‌కి దారి వదలండి. బొమ్మ మీద సైట్ నుంచి వెనక్కి, గొట్టం పొడవునా 6 మి.మీ. గుండ్రటి పుల్ల అంటించి అచ్చు వేస్తే గాడి దానంతటదే వస్తుంది. లేకపోతే సైట్ లోపలి తోలుని ప్రతిసారీ గీకుతుంది, చివరికి అక్కడ చిక్కుకుంటుంది.

ఇక ఈ రివాల్వర్ పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ మాదిరి నడుము విరిచి తెరిచేది. దాని గొళ్ళెం మీట ఎడమ పక్కన, హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) కింద ఉంటుంది. కుడి నడుముకి కట్టుకుంటే ఆ పక్క ఒంటి వైపు వస్తుంది. అక్కడ తోలు బిగువుగా ఒత్తితే, కూర్చున్నప్పుడు మీట కదిలే వీలుంది. ఆ చోట 3 మి.మీ. మందం చెక్క ముక్క బొమ్మకి అంటించి వదులు చేయండి. హ్యామర్ మీదుగా వచ్చే పట్టీ కూడా మీటని తాకకుండా పోవాలి.

కుట్టు: పట్టీ పరీక్షలో వచ్చిన గీత మీదే గాడి, బెజ్జానికీ బెజ్జానికీ 4 నుంచి 5 మి.మీ., రెండు సూదుల కుట్టు, 1 మి.మీ. మైనం దారం. ఇంత మందానికి దారం పొడవు కుట్టు గీతకి ఆరు రెట్లు తీసుకోండి. బెజ్జాలు ఆరెతో (తోలుకి బెజ్జాలు వేసే మొనదేలిన పనిముట్టు) నిలువుగా దిగాలి. వాలితే వెనక కుట్టు వంకర తిరుగుతుంది. మూతి నుంచి సిలిండర్ దాకా రెండు పలకల మధ్య 3 మి.మీ. తోలు పట్టీ ఇరికించి కుట్టండి. సైట్, గొట్టం అంచు దానికి తగులుతాయి గానీ దారానికి తగలవు. ఈ పట్టీ లేని హోల్‌స్టర్‌లో ముందు తెగేది దారమే.

బెల్టు చీలిక: 38 మి.మీ. బెల్టుకి 40 పొడవు, 8 వెడల్పు. రెండు కొసలా గుండ్రటి బెజ్జం కొట్టి, మధ్య రంపెతో (తోలు కోసే కత్తి) కోయండి. మూల చదరంగా వదిలితే అక్కడి నుంచే చిరుగుతుంది.

చర్మకారి_చెన్నై

పై మాటకి ఒకటి కలుపుతాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం నలుగురిలోకి తీసుకెళ్ళే చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో గానీ అలాంటి సంచిలో గానీ ఉండాలి, పూర్తిగా కప్పబడి ఉండాలి. పిడి బయటికి కనిపించే తెరిచిన తరహా కాకుండా, పైన మూత ఉన్న తరహానే ఆ పెద్దాయనకి సూచించండి. ఆ మూత వెనక పలకలోంచే ఒకే ముక్కగా రావాలి. విడిగా కుడితే వంగే చోటే కుట్టు పడుతుంది. మూత వంపుని కూడా బొమ్మ లోపల ఉండగానే తడి మీద అచ్చు వేయండి.

మూత బిగించే టిచ్ బటన్ వెనక భాగం లోపలికి వస్తుంది కదా, దాని మీద 1 మి.మీ. తోలు అస్తరు అంటించండి. లేకపోతే తుపాకీ నల్లదనం మీద గీతలు పడతాయి.

తోలుపని_హన్మకొండ

పట్టీ పరీక్ష చాలా ఉపయోగపడేలా ఉంది అన్నా. బొమ్మకి కొండపల్లి బొమ్మల పొణికి చెక్క అయితే చెక్కడం తేలిక అనుకుంటున్నా. సరిపోతుందా?

టేకుపెట్టె_రాజమండ్రి

పొణికి వద్దు తమ్ముడూ. వెన్నలా తెగుతుంది నిజమే, కానీ తడి తోలు బిగిస్తే అంచులు నలిగిపోతాయి. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర తెచ్చుకో. నార సన్నం, అంచు నిలుస్తుంది. సిలిండర్‌ని విడిగా తరిణె పట్టి అతికించు. మొత్తం గట్టి చెక్కగానే ఉండాలి, గొట్టంలో బెజ్జం వేయకు, కదిలే భాగాలేవీ పెట్టకు. లక్క పాలిష్ మూడు పూతలు వేసి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి వాడు. కొలతలు వెర్నియర్‌తో, సగం మి.మీ. తేడాలోపు రావాలి. ఎక్కువైనా పర్లేదు గానీ తక్కువ కాకూడదు. బొమ్మ చిన్నదైతే హోల్‌స్టర్‌లో అసలు తుపాకీ దిగదు.

ఇక పెట్టె. నీ గుంటలో లోపం ఫెల్ట్ మందం లెక్కించకపోవడం. 2 మి.మీ. ఉన్ని ఫెల్ట్ అయితే ఆకారం చుట్టూ 3 మి.మీ. వదలాలి: రెండు ఫెల్ట్‌కి, ఒకటి వదులుకి. ఇప్పుడున్న గుంటని పారేయకు. ఫెల్ట్ పీకేసి, పెన్సిల్‌కి 3 మి.మీ. దూరం ఉండేలా వాషరు తొడిగి గుంట అంచు వెంట తిప్పితే కొత్త గీత వస్తుంది. అక్కడిదాకా ఉలితో తీయి. పక్క గోడలకి ఫెల్ట్‌ని పట్టీగా కోసి ముందు అంటించు, అడుగు ముక్క తర్వాత. మొత్తం ఒకే ముక్కతో కప్పాలని చూస్తే మూలల్లో ముడతలు తప్పవు.

లోతు తుపాకీ మందంలో సగానికి కొంచెం ఎక్కువ. మొత్తం మునిగిపోతే తీయడం కష్టం. పిడి దగ్గర రెండు పక్కలా వేలు దూరేలా 25 మి.మీ. వెడల్పు పల్లం పెట్టు. ట్రిగ్గర్ వైపు నుంచి ఎత్తాల్సిన అవసరం రాకూడదు.

గుంట తీసే పలకని పెట్టెకి అతికించకు. 18 మి.మీ. పలకలో ఆకారం ఆరపారా రంపంతో కోసి, కింద 4 మి.మీ. ప్లై పెట్టి, పెట్టెలో వదులుగా దించు. రేపు ఫెల్ట్ మార్చాలన్నా, వేరే తుపాకీ వచ్చినా పలక ఒక్కటే మారుతుంది.

పెట్టెని మూతతో సహా మూసిన డబ్బాగా అతికించి, ఆ తర్వాత మూతని రంపంతో వేరుచేస్తే నార వరస కలుస్తుంది. రంపం తినే 3 మి.మీ. ఎత్తులో ముందే కలుపుకో. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అతికించే ముఖాలని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, పావుగంటలో జిగురు రాయాలి. మర్నాటికి వదిలితే నూనె మళ్ళీ పైకి వస్తుంది. ఇత్తడి బందులకి ఇత్తడి మరలు టేకులో నేరుగా బిగిస్తే తలలు తెగిపోతాయి. బెజ్జం వేసి, ముందు అదే కొలత ఇనుప మరతో దారి చేసి, తీసేసి, ఇత్తడి మరకి సబ్బు రాసి బిగించు.

ఓక్ చెక్క ఎవరైనా సూచిస్తే వద్దని చెప్పు. అందులోంచి వచ్చే పుల్లటి ఆవిరి మూసిన పెట్టెలో ఉక్కుని తింటుంది. తెల్ల ఫెవికాల్ కూడా ఆరేటప్పుడు అలాంటి ఆవిరే వదులుతుంది. అందుకే ఫెల్ట్ అంటించాక మూత తెరిచి కనీసం రెండు వారాలు గాలికి ఉంచాలి. లోపలి వైపు అవిసె నూనె రాయకు, లక్క పాలిష్ ఒక్కటే. స్పాంజి పెట్టకు, తేమ పట్టి ఉంచుతుంది, కొన్నేళ్ళకి పొడిగా రాలి తుపాకీకి అంటుకుంటుంది.

హోల్‌స్టర్‌తో సహా పెట్టెలో పెట్టడం మాత్రం ససేమిరా కూడదు. బెరడు తోలు గాలిలో తేమని పీల్చి ఉక్కుకి ఆనించి పెడుతుంది, టానిన్ దానికి తోడు. మన కోస్తా వానాకాలంలో నాలుగు రోజులు చాలు, సిలిండర్ మీద ఎర్ర చుక్కలు వస్తాయి. తుపాకీ ఫెల్ట్‌లో, హోల్‌స్టర్ బయట గాలి తగిలే చోట. పెట్టెలో ఒక మూల 20 గ్రాముల సిలికా జెల్‌కి అర పెట్టు, రంగు మారే రకం. మారినప్పుడు 110 డిగ్రీల్లో రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనిచేస్తుంది. తూటాలకి అందులో చోటు చేయకు, అవి వేరే చోట తాళంలో ఉండాలి. ఈ పెట్టె తాళం అందానికే, పెట్టె మొత్తం బీరువాలోకి వెళ్ళాలి.

కుట్టుగీత

ఒక్క చోట మాత్రం టేకుపెట్టె గారితో కొంచెం విభేదిస్తాను. బొమ్మ ఎక్కువైనా పర్లేదు అన్నారు. సిలిండర్, సైట్ దగ్గర సరే. ట్రిగ్గర్ గార్డ్ దగ్గర సగం మి.మీ. ఎక్కువైనా పట్టు పోతుంది, అక్కడ మాత్రం కచ్చితంగా ఉండాలి.

కొత్త హోల్‌స్టర్ బిగువుగా ఉంటే నూనె రాయకండి, మెత్తబడి ఇక గట్టిపడదు. బొమ్మకి రెండు పొరల ప్లాస్టిక్ సంచి చుట్టి రాత్రంతా దూర్చి ఉంచండి, ఉదయానికి సర్దుకుంటుంది. బొమ్మ దూర్చి తలకిందులుగా ఊపితే పైన మూత బిగించకుండానే జారకూడదు. ఆ తర్వాత చివరి పరీక్ష ఆ లైసెన్సున్న పెద్దాయన చేతుల్లోనే, ఖాళీ తుపాకీతో. దూర్చేటప్పుడు, తీసేటప్పుడు గొళ్ళెం మీట కదిలిందేమో అప్పుడే చూడండి. కదిలితే బొమ్మ మీద ఆ ముక్క మందం ఇంకో మి.మీ. పెంచి, ఆ ఒక్క చోట మాత్రం తడిపి మళ్ళీ నొక్కండి. రంగు, పై పూత వేయకముందే ఈ పరీక్ష పెట్టుకోండి, పూత పడ్డాక నీళ్ళు లోపలికి దిగవు.