చింతచెట్టు తొర్రలో పైడికంటి జంట: కెమెరా ఎత్తగానే లోపలికి దూరిపోతున్నాయి

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. ఇంటెనక పాత చింతచెట్టు తొర్రలో పైడికంటి గుడ్లగూబలు రెండున్నాయి. పొద్దుగూకే వేళ తొర్ర అంచున కూర్చుంటాయి. నేను చెట్టు కిందికి పోయి కెమెరా ఎత్తితే చాలు, తలలు పైకీ కిందికీ ఆడించి లోపలికి పోతున్నాయి. దొరికిన ఫొటోలన్నీ మసక. 70-300 లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి. ఫ్లాష్ కొనాలా? ఫోన్‌లో వాటి కూత వినిపిస్తే బయటికొస్తాయట, నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ఫ్లాష్ వద్దు, కూత అసలే వద్దు. కూత వింటే తన చోటులోకి ఇంకో గూబ చొరబడిందనుకుని వేట మానేసి వస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వీటికి గుడ్లు, పిల్లల కాలం. అప్పుడు గూటి నుంచి కదిలించడం మరీ అన్యాయం.

తల అలా ఆడిస్తోందంటే నిన్ను చూసి బెదిరిందని. అక్కడే ఆగి నాలుగడుగులు వెనక్కి రా. బర్రెలు కట్టేసేవాళ్లను, గిన్నెలు తోమేవాళ్లను అవి రోజూ చూస్తూనే ఉంటాయి, పట్టించుకోవు. నిలబడి తలెత్తి తేరిపార చూసేవాళ్లంటేనే భయం. అందుకని పొద్దు వాలకముందే గోడవారగా మంచం వేసుకుని, ట్రైపాడ్ మీద కెమెరా బిగించి కూర్చో. మొదటి రోజుల్లో ఫొటో ఊసెత్తకు. రోజూ అదే చోటు, అదే వేళ.

ఈలోగా పగటిపూట చెట్టు కింద వెతుకు. తెల్లటి రెట్ట మరకలు, బొటనవేలి కణుపంత ఎండు ఉండలు కనిపిస్తాయి. ఆ ఉండలు రెట్ట కాదు, అరగనివి గూబ నోటితో కక్కేసినవి. పుల్లతో విప్పితే పేడపురుగుల నల్లటి రెక్కడిప్పలు, ఎలుక పిల్ల దవడ ఎముకలు దొరుకుతాయి. అవి ఎక్కువ పడ్డ చోటికి పైనున్న కొమ్మే దాని పీట. లెన్స్ ఆ కొమ్మకే గురిపెట్టి ఉంచు.

సెట్టింగుల సంగతి: 300 దాకా జూమ్ చేస్తే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మామూలుగా 5.6 ఉంటుంది, పూర్తిగా తెరువు. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 1600 నుంచి 3200. కూర్చున్న పిట్టకు ట్రైపాడ్ మీద 1/80 సెకను సరిపోతుంది. గూబ కళ్లు గుంతల్లో తిరగవు, చూడాలంటే తలే తిప్పాలి. తిప్పి ఆగే ఆ క్షణంలో నొక్కాలి. ఫోకస్ పాయింట్ ఒక్కటే, అదీ కంటి మీద. రెండు సెకన్ల టైమర్ పెడితే ఆ క్షణం జారిపోతుంది, రిమోట్ వాడు. ఫొటోలో గరుకుదనం వస్తే రానీ, మసక కంటే నయం.

ఇంకొకరు: చలికాలం తెల్లవారుజామున కూడా చూడండి. లేత ఎండకు తొర్ర అంచున కళ్లు సగం మూసుకుని కూర్చుంటాయి, సాయంత్రం కంటే వెలుగు బాగుంటుంది. గోరింకలు, పిగిలిపిట్టలు ఒక్క కొమ్మ చుట్టూ చేరి గోల చేస్తుంటే గూబ అక్కడుందనే అర్థం.

ప్రశ్న: ధన్యవాదాలన్నా. నిచ్చెన వేసి పిల్లలున్నాయేమో ఒక్కసారి చూడొచ్చా? ఇంటి మీద గూబ కూస్తే కీడని మా నానమ్మ కొమ్మ కొట్టించమంటోంది.

జవాబు: నిచ్చెన వద్దు. మనిషి తొర్రలోకి తొంగిచూస్తే తల్లి గూడు వదిలేసే ప్రమాదముంది. పిల్లలుంటే చీకటి పడ్డాక తల్లిదండ్రులు పురుగులు పట్టుకుని తొర్రకు మాటిమాటికీ వస్తాయి, మంచం మీంచే తెలుస్తుంది. నానమ్మకు ఆ ఉండ ఒకటి విప్పి చూపించు. వడ్ల గాదె దగ్గర ఎలుకలను తినే పిట్టని ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. గుడ్లగూబలను పట్టడం, చంపడం, గూళ్లు చెరపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పు.

ఇంకో మాట. ఫొటోలు పెట్టేటప్పుడు ఊరి పేరు రాయకు, లొకేషన్ తీసెయ్యి. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గూబలను పట్టి అమ్మేవాళ్లున్నారు.

పిల్లలు ఎగరడం రాకముందే కొమ్మల మీదికి వస్తాయి, ఒక్కోసారి కింద పడతాయి. దెబ్బ తగలకపోతే మెత్తటి గుడ్డతో పట్టుకుని, పిల్లికి, కుక్కకు అందని కొమ్మ మీద పెట్టి దూరంగా వచ్చెయ్యి. తల్లిదండ్రులే వచ్చి మేపుతాయి. దెబ్బ తగిలితే ఇంట్లో పెంచకు, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చెయ్యి.