నెట్ ఉంది, జేఆర్ఎఫ్ లేదు: పీహెచ్‌డీ క్షేత్ర పరిశోధనకు డబ్బు ఎవరిని అడగాలి?

యార్డు_అమ్మాయి (గుంటూరు):

అందరికీ నమస్కారం. సామాజికశాస్త్రంలో పూర్తికాలపు పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడు నడుస్తోంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు మా జిల్లాకు వచ్చే కుటుంబాల పిల్లల చదువు నా విషయం. నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. అందువల్ల రైతుల దగ్గరికి, వారి ద్వారా కూలీల ముఠాలను తీసుకొచ్చే మేస్త్రీల దగ్గరికి వెళ్లడం కష్టం కాదు. కష్టమంతా డబ్బుతోనే.

నెట్ (అధ్యాపక, పరిశోధక అర్హత పరీక్ష) పాసయ్యాను కానీ దాని ద్వారా ఇచ్చే పరిశోధన ఫెలోషిప్, జేఆర్ఎఫ్, రాలేదు. వయసు 33. బీసీ. పీహెచ్‌డీలో చేరక ముందు ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పేదాన్ని, ఇప్పుడు ఆ జీతమూ లేదు. ఫెలోషిప్ అని వెతికితే ఇంటర్ పిల్లల ఉపకార వేతనాల నుంచి అమెరికా ఎమ్మెస్ రుణాల దాకా అన్నీ కలగాపులగంగా వస్తున్నాయి. ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన 3,000 రూపాయలు కడితే అంతర్జాతీయ ఫెలోషిప్ గ్యారంటీగా ఇప్పిస్తానంటున్నారు. నేను చదివే చోట అడిగితే నోటీసు బోర్డు చూసుకోమన్నారు. బోర్డు మీద ఉన్న వాటిలో అన్నిటికన్నా కొత్త ప్రకటనకు గడువు నిరుడే ముగిసింది.

అడగాల్సినవి రెండు. నాలాంటి పనికి నిజంగా డబ్బిచ్చేవారు ఎవరు? ఇప్పుడు ఆగస్టు కదా, జనవరిలో కోతలు ఊపందుకునేలోపు ఏదైనా చేతికందే దారి ఉందా?

ల్యాబ్‌కోటు (విజయవాడ):

మీ రంగం నాది కాదు, నాది కెమిస్ట్రీ. అయినా ఒక మాట. జేఆర్ఎఫ్ వయోపరిమితి 30 అయినా మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. అంటే మీకు ఇంకా సమయం ఉంది. పరీక్ష ఏడాదికి రెండు సార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరుగుతుంది. వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఒకసారి పోయిందని వదిలేయకండి.

సైన్సు వారు ఎవరైనా ఇది చదువుతుంటే వారి కోసం: సైన్సు పరిశోధనలకు గ్రాంట్లిచ్చిన కేంద్ర సంస్థ సెర్బ్ పేరుతో ఉన్న పాత లింకుల వెంట పడకండి. 2023 చట్టంతో అది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది, ప్రకటనలన్నీ అక్కడే. మాలాగా కళాశాలల్లో పని చేసేవారికి సెర్బ్ కాలంలో వచ్చిన టేర్ పథకం మంచిది. ఉద్యోగం వదలకుండానే ఏడాదిలో కొంత కాలం ఐఐటీలోనో జాతీయ ప్రయోగశాలలోనో పరిశోధన చేసుకోవచ్చు. మా కళాశాలలో పరికరం అంటే బీరువాలో తాళం వేసి ఉంచే వస్తువు కాబట్టి ఇలాంటి పథకం విలువ మాకు బాగా తెలుసు.

పదవీవిరమణ_మాస్టారు (బెజవాడ):

చూడమ్మా, ముందు ఆ 3,000 రూపాయల పెద్దమనిషికి ఒక నమస్కారం పెట్టి గ్రూపులోంచి బయటికి రండి. గ్యారంటీ ఇచ్చే ఫెలోషిప్ ఈ భూమ్మీద లేదు. ఉన్నా దాన్ని ఆయనే తీసుకునేవాడు.

మీరు పథకం పేరు పట్టుకుని వెతుకుతున్నారు. పని పట్టుకుని వెతకండి. పీహెచ్‌డీ గ్రంథాలు ఉండే శోధగంగ వెబ్‌సైటు తెరిచి కాలానుగుణ వలస, వలస కూలీల పిల్లలు, బడి మానడం వంటి అంశాల మీద గత పదేళ్లలో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు తీయండి. అధ్యాయాల జోలికి పోవద్దు, కృతజ్ఞతల పేజీ చదవండి. గైడుగారి ఔదార్యం, అత్తమామల సహనం గురించిన పేరాలు దాటేస్తే ఎక్కడో ఒక చోట ఆర్థిక సహాయం అందించిన సంస్థ పేరు ఉంటుంది. పత్రికల్లో వచ్చిన వ్యాసాలైతే మొదటి పేజీ అడుగునో, చివరనో ఉంటుంది. ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. మళ్లీ మళ్లీ కనబడే పేర్లు నాలుగైదుకు మించవు. అదే మీ జాబితా. మీలాంటి పనికి ఇప్పటికే డబ్బిచ్చినవారు కాబట్టి ఈ విషయం ఎందుకని వారికి మొదటి నుంచీ నచ్చజెప్పనక్కర్లేదు.

నాకు తెలిసినంతలో అందులో మొదట కనబడేది ఐసీఎస్ఎస్ఆర్. 1969లో సామాజికశాస్త్రాల కోసమే పెట్టిన సంస్థ. వారి డాక్టోరల్ ఫెలోషిప్ నెలకు 20,000, పుస్తకాలకు, ప్రయాణాలకు ఏడాదికి మరో 20,000, గరిష్ఠంగా రెండేళ్లు. జేఆర్ఎఫ్‌తో పోలిస్తే తక్కువే. కానీ జేఆర్ఎఫ్ మీ పరీక్ష మార్కులు చూస్తుంది, ఇది మీ పరిశోధన ప్రతిపాదన చూస్తుంది. మీ బలం రెండోదానిలో ఉంది. వారి దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. గ్రంథాలయాలకు వెళ్లి చదువుకోవడానికి పరిశోధకులకు చిన్న అధ్యయన గ్రాంట్లు ఇస్తుంది. చిన్నదని తీసిపారేయకండి. ఒకరు మీ కాగితం చదివి డబ్బిచ్చారన్న సంగతి తరువాతి దరఖాస్తులో మీ తరఫున మాట్లాడుతుంది.

రెండోది ఓబీసీ జాతీయ ఫెలోషిప్. ఏడాదికి 1,000 మందికి, జేఆర్ఎఫ్‌తో సమానమైన మొత్తం, నెట్ రాసినవారి నుంచే ఎంపిక. ఇక్కడ మనవాళ్లు తరచూ బోల్తా పడతారు. రాష్ట్ర జాబితాలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర జాబితాలో ఓబీసీ అని కాదు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఏ అక్షరాలతో ఉందో సరిచూసుకుని, క్రీమీలేయర్ కాదన్న ధ్రువపత్రం కేంద్ర నమూనాలోనే ఇప్పుడే తీసుకోండి. ప్రకటన వచ్చాక తహశీల్దారు కార్యాలయానికి పరుగెత్తితే గడువు ఆగదు.

విదేశీ సంస్థల్లో మీకు సరిపడేది వెన్నర్ గ్రెన్ ఫౌండేషన్. డాక్టరేట్ క్షేత్ర పరిశోధనకు 25,000 డాలర్ల వరకు ఇస్తుంది, ఏ దేశం వారైనా అడగవచ్చు. అయితే అది మానవశాస్త్రం సంస్థ. మీ ప్రశ్న ఆ శాస్త్రంలో నడుస్తున్న చర్చకు ఏమి చేర్చుతుందో చెప్పలేకపోతే మిరపకాయ ఎంత ఎర్రగా ఉన్నా లాభం లేదు. ఫుల్‌బ్రైట్ నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో ఉండి పని చేసుకోవడానికి. మీ పొలాలు ఇక్కడుంటే అక్కడేమి పని అంటారేమో. వలస వ్యవసాయ కూలీల పిల్లల కోసం అమెరికా ప్రభుత్వం 1966 నుంచి ప్రత్యేక విద్యా కార్యక్రమం నడుపుతోంది. పిల్ల ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోతే బడి రికార్డు వెంట వెళ్లే ఏర్పాటు అందులో ఉంది. మన దగ్గర ఆదోని రికార్డు ప్రత్తిపాడు చేరుతుందా? ఇదే మీరు అక్కడికి వెళ్లడానికి కారణం. అయితే అది ఇక్కడి సమాచారం చేతిలో పడ్డాక, గ్రంథం రాసే దశలో.

ఇక జనవరి సంగతి. రాదు. ప్రకటన, దరఖాస్తు, పరిశీలన, ఇంటర్వ్యూ, మంజూరు, మొదటి విడత, వీటి మధ్య నెలలు గడుస్తాయి. కోత కాలం మీ కోసం ఆగదు. కాబట్టి ఈ సీజనుకు గుంటూరు నుంచి ఆర్డినరీ బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇంటికి రాగలిగిన ఒకటి రెండు ఊళ్లు చాలు. కొద్ది కుటుంబాలతో బాగా మాట్లాడండి. ఆ సమాచారంతో ప్రతిపాదన రాసి, వచ్చే ఏటి కోతలకు డబ్బు అడగండి. పొలం గట్టు మీద కూర్చుని వచ్చిన మనిషి రాసిన కాగితం, లైబ్రరీలో కూర్చుని రాసిన కాగితం పక్కపక్కన పెడితే చదివేవారికి మొదటి పేజీలోనే తేడా తెలిసిపోతుంది. ఇలాంటివి చదివి మార్కులు వేసే కమిటీల్లో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

మీ ప్రతిపాదన మొదటి పేరా ఇక్కడ పెట్టగలరా?

యార్డు_అమ్మాయి:

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. ఇదీ మొదటి పేరా: "భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం. మిరప సాగు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక. వలస అనేది బహుముఖమైన సామాజిక దృగ్విషయం. ఈ నేపథ్యంలో వలస కూలీల పిల్లల విద్యా స్థితిగతులను 384 మంది నమూనాతో అధ్యయనం చేయడం ఎంతైనా ఆవశ్యకం."

పదవీవిరమణ_మాస్టారు:

384! దేవుడా. ఎంత జనాభాకు ఎంత నమూనా కావాలో చెప్పే 1970 నాటి క్రెజ్సీ, మోర్గన్ పట్టికలో ఆ అంకె ఉన్న పాపానికి నేను చదివిన ప్రతిపాదనల్లో సగం వాటిలో అదే. తెనాలిలో టీ కొట్ల మీద పరిశోధనైనా 384, తిరుపతిలో యాత్రికుల మీదైనా 384. సంచార కూలీల మొత్తం జాబితా ఎవరి దగ్గరా లేనప్పుడు ఆ లెక్క దేని మీద వేశారని కమిటీలో అడిగితే ఏమి చెబుతారు?

దేశం వ్యవసాయ ప్రధానమైనదని ఢిల్లీలో వారికీ తెలుసు. ఆ పేరా మొత్తం కొట్టేయండి. ముఠాలో మీరు స్వయంగా చూసిందేదో ఒకటి చెప్పండి.

యార్డు_అమ్మాయి:

నిరుడు కోతల చివర్లో ఒక మేస్త్రీ తన నోటు పుస్తకం చూపించారు. ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎవరు ఎన్ని రోజులు కోశారు, అన్నీ ఉన్నాయి. పిల్లల పేర్లు లేవు. కానీ కొన్ని పేర్ల పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది. అదేమిటని అడిగితే, ఆ ఇంటి పెద్దపిల్ల చంటిదాన్ని చూసుకోవడానికి వచ్చింది, కూలి లేదు, బియ్యం మాత్రం లెక్క కట్టాలి అన్నారు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఊళ్లో ఆరో తరగతి. ఏప్రిల్‌లో తిరిగి వెళ్లాక పరీక్ష రాయనిస్తారో లేదో ఆమెకే తెలియదు.

పదవీవిరమణ_మాస్టారు:

అమ్మా, దీన్ని దాచిపెట్టుకుని వెన్నెముక గురించి రాస్తున్నారా! ఆ సున్నాతోనే మొదలుపెట్టండి. తరువాతి వాక్యం మీ ప్రశ్న: కూలి లెక్కలో గానీ, ఇక్కడి బడి హాజరు పట్టీలో గానీ లేని ఈ పిల్లలు సొంత ఊరి బడి రికార్డులో ఎలా నమోదవుతున్నారు? బడిలో ఉన్నట్టా, మానేసినట్టా, సీజనల్ హాస్టల్లో ఉన్నట్టా? ఇక నమూనా సంఖ్య దానంతట అదే తేలుతుంది. రెండు మూడు ముఠాలను ఎంచుకుని, కోతల్లో ఇక్కడా, తిరిగి వెళ్లాక అక్కడా అవే కుటుంబాలను కలుస్తానని రాయండి. ఇది విన్నవారెవరూ 384 అడగరు.

పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు మారుస్తానని, తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకుంటారో కూడా రాయండి. మేస్త్రీ ముందు అడిగితే కాదనే ధైర్యం వారికి ఉండదు, అది మీరే ఆలోచించాలి. నైతిక అనుమతి కమిటీ మీ దగ్గర ఎన్నాళ్లకు ఒకసారి కూర్చుంటుందో ఈ వారమే కనుక్కోండి.

పాత_పత్రికలు (వేటపాలెం):

పక్కదారి పట్టిస్తున్నందుకు ఏమీ అనుకోకండి, చరిత్ర, కళల వైపు వారికి కూడా రెండు మాటలు. మా సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లోని పత్రికలు, వ్రాతప్రతులు పాడవకుండా డిజిటల్ చేయడానికి బ్రిటిష్ లైబ్రరీవారి ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ కార్యక్రమం 2004 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళల మీద పరిశోధనకు ఇస్తుంది, ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపవచ్చు. ఇంగ్లీషు భయంతో ఆగిపోయేవారు మన జిల్లాల్లో ఎంతమందో.

ఏకైక_సంతానం (మంగళగిరి):

తోబుట్టువులు లేని అమ్మాయిలు ఎవరైనా పీహెచ్‌డీ చేస్తుంటే యూజీసీవారి సావిత్రీబాయి జ్యోతీరావ్ ఫూలే ఫెలోషిప్ చూడండి. వయసు 40 వరకు, రిజర్వేషన్ వర్గాలకు 45 వరకు. పూర్తికాలపు పీహెచ్‌డీ అయి ఉండాలి, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైం చేసేవారికి కాదు. అర్హత ఉండి కూడా దీని పేరు వినని వారిని చాలామందిని చూశాను.

యార్డు_అమ్మాయి:

తమ్ముడున్నాడు కాబట్టి నాకు కుదరదు, మా స్నేహితురాలికి ఇప్పుడే పంపాను. మాస్టారూ, పేరా తిరగరాస్తున్నాను, రేపు పెడతాను. ఈలోగా ఒక సందేహం. వెన్నర్ గ్రెన్ లాంటి విదేశీ డబ్బు వస్తే మా వాళ్లు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అని ఆపేస్తారా? ఇంకొకటి, బస్సు ఖర్చులకు కూడా బిల్లులు చూపించాలా?

లెక్కల_గుమాస్తా (గుంటూరు):

ఒక కళాశాల అకౌంట్స్ విభాగంలో పని చేస్తాను, ఈ రెండూ నా పరిధిలోవే. విదేశీ డబ్బు సంస్థ ఖాతాలోకి రావాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తరువాత అది మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అయితే వ్యక్తికి వచ్చే స్కాలర్‌షిప్, స్టైపెండ్ వంటి వాటికి ఆ చట్టం నాలుగో సెక్షన్‌లో మినహాయింపు ఉంది. మీకు వచ్చేది ఫెలోషిప్పా, సంస్థకు వచ్చే ప్రాజెక్టు గ్రాంటా అన్నది మంజూరు లేఖలో స్పష్టంగా ఉండేలా చూసుకుని, ఆ లేఖ పట్టుకుని మీ ఆఫీసులో అడగండి. నోటిమాటగా అడిగితే ఎవరైనా కుదరదనే అంటారు, అలా అనడం మాకు తేలిక.

బిల్లులంటారా, ప్రభుత్వ గ్రాంటైతే డబ్బు దేనికి ఖర్చయిందో తెలిపే వినియోగ ధ్రువపత్రం ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12ఎ నమూనాలో ఇవ్వాలి. అది ఇవ్వకపోతే రెండో విడత రాదు. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటి: ఆర్టీసీ కండక్టరు మిషన్‌లోంచి వచ్చే టికెట్టు మన గుంటూరు ఎండకు పర్సులో కొన్నాళ్లుంటే తెల్లకాగితం అవుతుంది. ఆడిట్ సమయానికి ఒక పరిశోధకుడు నా బల్ల మీద తెల్లటి చీటీల కట్ట పెట్టి, ఇవన్నీ ఆదోని టికెట్లండీ అన్నాడు. ఏ రోజు టికెట్టు ఆ రోజే జిరాక్సు తీయించి, అసలును దాని వెనక పిన్ను చేసి, పక్కన తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు వెళ్లారు రాసి సంతకం పెట్టండి. ఊళ్లో ఆటోకి బిల్లు ఇవ్వరు కాబట్టి దానికి విడిగా ఒక ఖర్చుల పుస్తకం పెట్టుకోండి. బడ్జెట్‌లో ఆ జిరాక్సుల ఖర్చు కూడా వేసుకోండి, అడిగితే ఇస్తారు.